బేత్లెహేము కథలో పనితనం

డిసెంబరు నెలలో రాజమండ్రి దగ్గరి కడియం మీదుగా వెళ్లినవాళ్లకు ఆ దృశ్యం వేరే చెప్పక్కర్లేదు. రోడ్డుకి రెండు పక్కలా చేమంతి కుండీలు బారులు తీరి ఉంటాయి. కడియపులంక పూల మార్కెట్లో బంతి, చేమంతి, లిల్లీ బుట్టలు తెల్లారకముందే బేరాలకు దిగుతాయి. ధవళేశ్వరం నుంచి పారే కాలువ నీళ్లూ, గోదావరి ఒండ్రుమట్టీ కలిసి పెంచిన పచ్చదనం ఇది. క్రిస్మస్‌కి చర్చి గుమ్మానికి కట్టే దండలూ, లోపల నిలబెట్టే అరకేరియా మొక్కా, అది దొరకనిచోట సరుగుడు కొమ్మా అన్నీ ఈ నేల ఇచ్చేవే. అప్పటికి సార్వా కోతలు అవుతాయి గనక కొత్త వరిగడ్డికి కొదవుండదు. కుర్రాళ్లు నాలుగు వెదురు గడలు పాతి, ఆ గడ్డి కప్పి, చర్చి ఆవరణలో పశువుల పాక వేస్తారు.

పాకలో ఏముంటాయో ఈ ప్రాంతంలో చిన్నపిల్లలైనా చెబుతారు. తొట్టిలో పసిబిడ్డ, పక్కన మరియ, వెనకాల యోసేపు. ఒక మూల ఆవు, గాడిద. ఇంకో మూల గొర్రెల కాపరులు, కిరీటాలు పెట్టుకున్న ముగ్గురు జ్ఞానులు, వాళ్ల ఒంటెలు. పైన వెలిగే స్టారు. 1223లో ఇటలీలోని గ్రెచ్చో అనే కొండ ఊళ్లో అస్సీసీ ఫ్రాన్సిస్ గడ్డి పరిపించి, నిజమైన ఎద్దునీ గాడిదనీ తెచ్చి కట్టించి, క్రిస్మస్ రాత్రి ఆరాధన జరిపించాడు. పాకలు వేసే అలవాటు అక్కణ్నుంచే లోకమంతా బలపడింది. ఎనిమిది వందల ఏళ్ల తరవాత అది మన వెదురుతో, మన వరిగడ్డితో నిలబడింది.

అయితే బైబిలు తెరిచి చూస్తే ఈ పాక మొత్తంగా ఎక్కడా ఒక్కచోట కనిపించదు. నాలుగు సువార్తల్లో యేసు పుట్టుకను చెప్పినవి మత్తయి, లూకా రెండే. మార్కు పెద్దవాడైన యేసుతోనే మొదలుపెడతాడు. యోహాను సృష్టికి ముందునుంచి ఎత్తుకుంటాడు. తొట్టీ కాపరులూ లూకా చెప్పినవి. నక్షత్రం, జ్ఞానులు మత్తయి చెప్పినవి. కాపరులకూ జ్ఞానులకూ ముఖపరిచయమైనా లేదు. జ్ఞానులు ముగ్గురని మత్తయి అనలేదు, కానుకలు మూడని మాత్రం చెప్పాడు. వాళ్లు వచ్చింది కూడా ఇంటికే, పాకకి కాదు. ఆవునీ గాడిదనీ ఇద్దరిలో ఎవరూ రాయలేదు. పాక వేసేవాళ్లను తప్పుపట్టడానికి ఇదంతా చెప్పడం లేదు. ప్రేమకొద్దీ రెండు కథల్నీ ఒక కప్పు కిందికి చేర్చుకున్నాం, మంచిదే. కాకపోతే అలా కలిపేసరికి ఇద్దరు రచయితల చేతిపని మరుగునపడింది. ఎవరు ఏది చెప్పారు, ఎంతలో ఆపారు, ఏ మాట మళ్లీ మళ్లీ అన్నారు, ఏది అసలు ఎత్తనే లేదు అని విడివిడిగా గమనిస్తే, విశ్వాసం గురించి వాళ్లు చెప్పదలచుకున్నదంతా ఆ కూర్పులోనే దొరుకుతుంది. క్రిస్మస్ ప్రసంగంలో కథ ఒక పక్క, పాఠాలు ఒక పక్క చెప్పుకోవడం అలవాటైపోయింది. ఈ కథలో ఆ రెండూ వేరుగా లేవు. నేను చూపించదలచుకున్నది ఇదొక్కటే.

ఈ కథ తెలుగులోకి వచ్చి రెండు శతాబ్దాలు దాటింది. విశాఖపట్నంలో లండన్ మిషన్ తరఫున పనిచేసిన ఆగస్టస్ డెగ్రాంజెస్, ఆయనకు తోడుగా నిలిచిన తెలుగువాడు ఆనందరాయరు చేసిన కృషి ఫలితంగా మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో సీరంపూరులో అచ్చయ్యాయి. యేసు బాల్యాన్ని చెప్పే రెండు పుస్తకాలూ ఆ మూడింటిలోనే ఉన్నాయి. 1836లో మన దేశానికి వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ నరసాపురం, పాలకొల్లు వైపు స్థిరపడి గోదావరి డెల్టా మిషన్‌కు పునాది వేశారు. రాజమండ్రిలో లూథరన్ మిషన్ 1845లో మొదలైంది. కాటన్ దొర గోదావరి మీద ఆనకట్ట కట్టించిన 1847-52 సంవత్సరాల్లో ధవళేశ్వరం గట్టున వేలమంది కూలీలు గుడిసెలు వేసుకుని ఉండేవారు. అలాంటి జనానికి, పురిటికి చోటు దొరకని ఒక తల్లి కథ అందింది. తరవాతి కాలంలో గుర్రం జాషువా 'క్రీస్తు చరిత్ర' రాశారు, 1964లో దానికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆయనే 1915-16 ప్రాంతంలో రాజమండ్రిలో మూకీ సినిమాలు ఆడుతుంటే తెర పక్కన నిలబడి కథ చదివి వినిపించేవారు. బొమ్మ ఎంత చెబుతుందో, మాట ఎంత చెప్పాలో అక్కడ రోజూ తేల్చుకున్న మనిషి. 1978లో 'కరుణామయుడు' సినిమా వచ్చాక బేత్లెహేము రూపురేఖలు పల్లెపల్లెకూ తెలిశాయి.

ఇక మూలగ్రంథంలోకి వెళదాం. ముందు మత్తయి.

మత్తయి మొదటి పదిహేడు వచనాలూ వంశావళి. ఎవరికి ఎవరు పుట్టారో వరసగా పేర్లు. చాలామంది ఇక్కడ పేజీ తిప్పేస్తారు. క్రిస్మస్ ఆరాధనలో కూడా సాధారణంగా పద్దెనిమిదో వచనం నుంచే చదువుతారు. నా మటుకు ఈ కథలో అన్నిటికంటే తెగువ చూపించిన భాగం ఇదే. అబ్రాహాము నుంచి దావీదు దాకా పద్నాలుగు తరాలు, దావీదు నుంచి బబులోను చెర దాకా పద్నాలుగు, చెర నుంచి క్రీస్తు దాకా పద్నాలుగు అని మత్తయే లెక్క కట్టి చూపిస్తాడు. అంత పద్ధతిగా కట్టిన మగవాళ్ల పట్టికలో, మరియ కంటే ముందే నలుగురు ఆడవాళ్లను కూర్చోబెట్టాడు. శారా లేదు, రిబ్కా లేదు, రాహేలు లేదు. ఎవరున్నారయ్యా అంటే తామారు. మామ చేసిన అన్యాయానికి విసిగి, ముసుగు వేసుకుని దారిలో కూర్చుని, అతని వల్లే కవలల్ని కన్న కోడలు. రాహాబు, యెరికో గోడ మీద ఇల్లున్న వేశ్య. రూతు, మోయాబు నుంచి వచ్చి పరిగె ఏరుకుని అత్తను పోషించిన విధవరాలు. నాలుగో ఆమె పేరు మత్తయి చెప్పడు. ఊరియా భార్య అంటాడు. బత్షెబ అని రాసి ఊరుకోవచ్చు. ఊరియా పేరు ఎత్తగానే, దావీదు చంపించిన ఆ సైనికుడు రాజవంశం మధ్యలోకి వచ్చి నిలబడతాడు. రాజు చేసిన పాపాన్ని ఆయన వంశపట్టికలోనే చెక్కిపెట్టడం చిన్న సాహసం కాదు.

కడియం నర్సరీలో అంట్లు కట్టేవాళ్ల పక్కన కాసేపు కూర్చుంటే ఈ పట్టిక నాకు బాగా అర్థమైంది. టెంక నుంచి మొలిచిన మామిడి మొక్కను జానెడు ఎత్తులో కోసి, కాండాన్ని నిలువునా కొద్దిగా చీలుస్తారు. మేలురకం చెట్టు నుంచి తెచ్చిన పుల్లను అడుగున రెండు వైపులా ఏటవాలుగా చెక్కి ఆ చీలికలో దింపుతారు. బెరడుకు బెరడు ఆనాలి, మధ్యలో గాలి చొరబడకూడదు. పాలిథిన్ పట్టీ తీసుకుని కింద నుంచి పైకి బిగించి చుడతారు. కొన్ని వారాలకు చిగురేస్తుంది, పట్టీ విప్పేస్తారు. చెట్టు ఎంత ఎదిగినా ఆ అతుకు పడిన చోట కణుపులా ఉబ్బు ఒకటి ఉండిపోతుంది. కొనేవాళ్లు వంగి చూసేది దాన్నే, అది ఉంటేనే అంటు మొక్కని నమ్మకం. మత్తయి కట్టిన వంశంలో ఈ నలుగురూ అలాంటి అతుకులు. ఆయన వాటిని కప్పిపెట్టలేదు, వేలు పెట్టి చూపించాడు. పరజనం, పరదేశం, లోకం వేలెత్తి చూపిన బతుకులు, వీటన్నిటి గుండా ప్రవహించిన రక్తమే బేత్లెహేములో పుట్టిన బిడ్డలో ఉందని చెప్పడానికే ఈ పదిహేడు వచనాలు.

ఇది మనకు తగిలే చోటు ఒకటుంది. గోదావరి డెల్టాలో ఈ కథను మొదట గుండెకు హత్తుకున్నవాళ్లలో ఎక్కువమంది ఊరి చివర పేటల్లో బతికినవాళ్లు, వంశం పేరు చెప్పుకునే హక్కు కూడా లేకుండా చేయబడ్డవాళ్లు. మత్తయి వంశావళి వాళ్లది. అయినా ఇవాళ్టికీ మన సంఘాల్లో పెళ్లి సంబంధం దగ్గరికొచ్చేసరికి కులం అడుగుతూనే ఉన్నాం. ఒకే బల్ల దగ్గర రొట్టె తీసుకున్నవాళ్లం వియ్యానికి మాత్రం గీత గీసుకుంటున్నాం. తామారునీ రూతునీ దాటేసి పద్దెనిమిదో వచనం నుంచి చదువుకుంటే ఈ పట్టింపు మనల్ని గుచ్చదు. గుచ్చాలనే మత్తయి దాన్ని ముందు పెట్టాడు.

తరవాత యోసేపు. సండే స్కూలు పిల్లలు క్రిస్మస్ నాటకం వేసేటప్పుడు యోసేపు వేషానికి మాటలు రాయడం టీచర్లకు కష్టమైన పని. కారణం సులువే, మత్తయిలో గానీ లూకాలో గానీ యోసేపు ఒక్క మాటైనా మాట్లాడడు. మత్తయి మొదటి రెండు అధ్యాయాల్లో కలలు ఐదు, అందులో నాలుగు యోసేపువే. ప్రతి కల తరవాతా ఒకటే జరుగుతుంది, లేస్తాడు, చెప్పింది చేస్తాడు. దీన్ని మత్తయి చెప్పిన తీరు గమనించండి. బిడ్డనీ తల్లినీ తీసుకుని ఐగుప్తుకు వెళ్లమని దూత ఏ మాటలతో చెప్పాడో, యోసేపు చేసింది కూడా దాదాపు ఆ మాటలతోనే రాశాడు. ఐగుప్తు నుంచి తిరిగి రమ్మన్నప్పుడూ అంతే. ఆజ్ఞకూ ఆచరణకూ మధ్య ఒక్క వాక్యం కూడా పట్టనివ్వలేదు. ఆలోచించాడనీ, భయపడ్డాడనీ, భార్యతో సంప్రదించాడనీ ఏమీ లేదు. ఒక్క వివరం మాత్రం చేర్చాడు, ఆ రాత్రే బయల్దేరాడని. విధేయత అంటే ఏమిటో నిర్వచించకుండా, రెండు వాక్యాల్ని పక్కపక్కన పెట్టి చూపించాడు. 1986 ఆగస్టు వరదల్లో అర్ధరాత్రి పిల్లల్ని భుజాన వేసుకుని ఏటిగట్టు ఎక్కినవాళ్లు ఈ డెల్టాలో ఇంకా ఉన్నారు. రాత్రికి రాత్రి బయల్దేరడమంటే ఏమిటో వాళ్లకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

అదే అధ్యాయంలో ఇంకో పనితనం ఉంది. బిడ్డ, అతని తల్లి అనే జంట మాట రెండో అధ్యాయంలో ఐదుసార్లు వస్తుంది. జ్ఞానులు ఇంట్లోకి వెళ్లి చూసినప్పుడు ఒకసారి, ఐగుప్తు ప్రయాణంలో రెండుసార్లు, తిరుగు ప్రయాణంలో రెండుసార్లు. ప్రతిసారీ బిడ్డే ముందు. ఈ అధ్యాయంలో దూత యోసేపుతో మాట్లాడేటప్పుడు నీ భార్య, నీ బిడ్డ అనడు. ఇంటి పెద్దకు ఆ రెండు ప్రాణాల మీద హక్కు ఏమీ చెప్పకుండా, వాళ్లను కాపాడే పని మాత్రం అప్పగించాడు. మన ఇళ్లలో తండ్రి అనే మాటకు అధికారం అనే అర్థమే ఎక్కువ స్థిరపడింది. యోసేపుని చూస్తే అది నడక, మెలకువ, కాపలా.

జ్ఞానుల కథలో అందరూ నక్షత్రాన్నే చూస్తారు. నా చూపు ఎప్పుడూ యెరూషలేములో ఆగిపోతుంది. తూర్పు నుంచి అంత దూరం వచ్చినవాళ్లు, రాజు పుట్టాడంటే రాజధానిలోనే కదా అనుకుని అప్పటి రాజు హేరోదు ఊరికి వెళ్లారు. హేరోదు యాజకుల్నీ శాస్త్రుల్నీ పిలిపించి, క్రీస్తు ఎక్కడ పుట్టాలని అడిగాడు. వాళ్లు తడుముకోకుండా బేత్లెహేమన్నారు, మీకా గ్రంథంలోంచి వచనం అప్పగించారు. జవాబు సరైనదే. యెరూషలేము నుంచి బేత్లెహేము తొమ్మిది కిలోమీటర్లకు అటూఇటూ. వాళ్లలో ఒక్కడూ కదలలేదు. కదలలేదని మత్తయి నిందించడు కూడా, వాళ్ల గురించి మరి మాట్లాడడు అంతే. ఆ వచనం తెలియని పరదేశులు మాత్రం వెళ్లి మోకరించారు. వాక్యం కంఠతా వచ్చి ఉండటానికీ, దాని వెంట అడుగు వేయడానికీ ఉన్న దూరం ఈ కొద్ది కిలోమీటర్లేనని ఇంత మెత్తగా చెప్పిన చోటు ఇంకొకటి నేను చదవలేదు. బైబిలు క్విజ్‌లో బహుమతులు తెచ్చుకునే మన పిల్లలకు, వాళ్లకు నేర్పే మనకు కూడా ఇది వర్తిస్తుంది.

ఆ తరవాతి భాగాన్ని క్రిస్మస్ కార్డుల మీద ఎవరూ వేయరు. జ్ఞానులు వేరే దారిన వెళ్లిపోయారని తెలిసి హేరోదు బేత్లెహేములో రెండేళ్లలోపు మగపిల్లలందరినీ చంపించాడని మత్తయి రాశాడు. సొంత కొడుకుల్నే చంపించిన రాజు అతను. ఇక్కడ మత్తయి చేతిపని అతి సున్నితంగా ఉంది. పాతనిబంధనలోంచి మాట తెచ్చినప్పుడు ఎక్కువగా, అది నెరవేరాలని ఇలా జరిగింది అనే ధోరణిలో రాసే మనిషి, ఇక్కడికి వచ్చేసరికి అప్పుడు ఆ మాట నెరవేరింది అని మాత్రమే అంటాడు. పసిపిల్లల చావును దేవుడి ఏర్పాటుగా చెప్పడానికి ఆయన కలం ఒప్పుకోలేదు. తెచ్చిన మాట యిర్మీయాది, పిల్లల్ని పోగొట్టుకున్న రాహేలు ఓదార్పు వద్దని ఏడ్చే ఘట్టం. యిర్మీయా గ్రంథంలో ఆ వెంటనే వచ్చే వచనంలో దేవుడు ఆమెను ఏడుపు మానమని ఓదారుస్తాడు. మత్తయి ఆ వచనం తేలేదు. ఏడుపు దగ్గరే ఆపేశాడు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి దగ్గరికి వెళ్లి, అంతా దేవుడి చిత్తం అమ్మా అని వెంటనే అనేస్తుంటాం. కాస్త ఆగమని సువార్త చెబుతోంది. కష్టంలో ఉన్న మనిషి పక్కన ఊరికే కూర్చోవడం కూడా విశ్వాసమే.

లూకా దారి వేరు. థెయొఫిలు అనే పెద్దమనిషికి, అన్నీ మొదటినుంచి జాగ్రత్తగా విచారించి వరసగా రాస్తున్నానని చెప్పి మొదలుపెడతాడు. ఆయనకు జంటలు పేర్చడం ఇష్టం. దూత వచ్చి జెకర్యాతో మాట్లాడతాడు, తరవాత మరియతో. ఇద్దరికీ చెప్పింది పుట్టబోయే బిడ్డ కబురే. ఇద్దరూ ఎదురు ప్రశ్న వేస్తారు. జెకర్యా ముసలి యాజకుడు, ఉన్నది దేవాలయం లోపల, ధూపం వేస్తున్నాడు. మరియ నజరేతు పిల్ల. పాతనిబంధన మొత్తంలో ఆ ఊరి పేరే లేదు. జెకర్యా, దీన్ని నేను ఎలా నమ్మాలని అడిగి నోరు పడిపోయి బయటికి వస్తాడు. మరియ, ఇది ఎలా జరుగుతుందని అడిగి వివరమైన సమాధానం పొందుతుంది. ఒకరు రుజువు కావాలన్నారు, ఇంకొకరు దారి అడిగారు. దేవుణ్ని ప్రశ్నించకూడదని పిల్లల నోరు మూయించే పెద్దలు ఈ రెండు సన్నివేశాల్నీ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. మరియ అడిగినందుకు ఎవరూ కోప్పడలేదు. ఇంకా ముఖ్యం, ఆమె సరేనన్న తరవాతే దూత వెళ్లిపోయాడని లూకా రాశాడు. ఒక పల్లెటూరి పిల్ల ఒప్పుకోలు కోసం పరలోకం నిలబడి ఎదురు చూసింది.

రెండో అధ్యాయం మొదటి ఏడు వచనాలూ తెలుగులో రచన నేర్చుకునేవాళ్లు ఎత్తిరాసుకుని చూడదగ్గవి. మొదట రోము చక్రవర్తి ఔగుస్తు. క్రీ.పూ. 27లో రోము సెనేట్ ఇచ్చిన బిరుదు అది, లోకం అతనికి మొక్కింది. ఆ తరవాత సిరియ అధిపతి కురేనియ. ఆ తరవాత పేరు నమోదుకు ఎవరి ఊరికి వాళ్లు బయల్దేరిన జనం. ఆ జనంలో యోసేపు, అతనితో నిండు గర్భిణి మరియ. నజరేతు నుంచి బేత్లెహేముకు వంద కిలోమీటర్లకు పైనే. చివరికి పొత్తిగుడ్డలు చుట్టిన బిడ్డ, పశువుల తొట్టి. సామ్రాజ్యమంత వెడల్పుతో మొదలైన చూపు వాక్యం వాక్యానికీ ఇరుకవుతూ వచ్చి గడ్డి వేసే తొట్టి దగ్గర ఆగింది. పుట్టుక మొత్తం ఒక్క వచనం. నొప్పులు లేవు, మంత్రసాని లేదు, వెలుగుల వర్ణన లేదు. (హేరోదు క్రీ.పూ. 4లో చనిపోయాడనీ, కురేనియ జనసంఖ్య లెక్క క్రీ.శ. 6 నాటిదనీ చరిత్రకారులు చూపిస్తారు. వాటి పొంతన మీద చర్చ పాతదే. నేను ఇక్కడ చూస్తున్నది కథ చెప్పిన తీరు.) మన నాటకాల్లో తలుపు దగ్గర నిలబడి గది లేదు పొమ్మనే సత్రం యజమాని కూడా లూకాలో లేడు. చోటు లేదన్నది ఉంది, కాదన్న మనిషి లేడు. దోషిని పెట్టి ఉంటే మనం అతన్ని తిట్టుకుని ఊరుకునేవాళ్లం. ఎవర్నీ పెట్టకపోయేసరికి, చోటు ఇవ్వనిది ఎవరన్న ప్రశ్న చదివేవాడి వైపే తిరుగుతుంది.

ఆ తొట్టి మాటను లూకా మూడుసార్లు అంటాడు. బిడ్డను పడుకోబెట్టినప్పుడు ఒకసారి, దూత కాపరులకు గుర్తు చెప్పినప్పుడు ఒకసారి, కాపరులు వెళ్లి చూసినప్పుడు ఒకసారి. గుర్తు అంటే తల చుట్టూ కాంతి చక్రమో, ఇంటి మీద వెలుగో కావచ్చు. అలాంటిదేమీ చెప్పలేదు. పొత్తిగుడ్డల్లో బిడ్డలు ఆ రాత్రి ఊళ్లో ఇంకా ఉండొచ్చు. తొట్టిలో పడుకున్న బిడ్డ ఒక్కడే ఉంటాడు. పనికొచ్చే చిరునామా అది. పైగా పశువుల కొట్టంలోకి సంకోచం లేకుండా వెళ్లగలిగినవాళ్లు గొర్రెలు కాసేవాళ్లే. పెద్దింటికి రమ్మని ఉంటే గుమ్మం బయటే నిలబడేవాళ్లు. వాళ్లు వెళ్లగలిగే చోటే బిడ్డ పుట్టాడు. చూశాక కాపరులు తిరిగి వెళ్లిపోయారని లూకా గుర్తుపెట్టుకుని రాశాడు. దేవుణ్ని చూశాం గనక ఇక గొర్రెల పని మాకెందుకని వాళ్లు అనలేదు. పొద్దున్నే పూల బుట్టలు మోసే మనిషికి, నర్సరీలో రోజు కూలికి మట్టి తట్టలు ఎత్తే తల్లికి ఈ ఒక్క వాక్యం ఎంతో గౌరవం ఇస్తుంది.

లూకాలో నేను చెయ్యెత్తి దండం పెట్టే చోటు ఇంకొకటి. మగబిడ్డ పుట్టిన నలభై రోజులకు శుద్ధి కోసం తల్లి దేవాలయంలో బలి అర్పించాలి. లేవీయకాండం పన్నెండో అధ్యాయం ప్రకారం ఏడాది గొర్రెపిల్ల, దాంతోపాటు ఒక పావురం పిల్ల గానీ గువ్వ గానీ. గొర్రెపిల్లను ఇచ్చుకోలేని పేదరాలైతే రెండు గువ్వలు గానీ రెండు పావురం పిల్లలు గానీ చాలు. లూకా ఈ నియమంలో రెండో సగం మాత్రమే ప్రస్తావిస్తాడు, గువ్వల జత, లేదా రెండు పావురం పిల్లలు. యోసేపు మరియ పేదవాళ్లని ఎక్కడా అనడు. లేదన్న మాట అనకుండానే, తెలిసినవాళ్లకు ఇంటి పరిస్థితి తెలిసిపోయేలా చెప్పాడు. పేదరికం గురించి రాసేటప్పుడు కన్నీళ్లు ఒలికించే మన రచయితలు ఈ వచనం దగ్గర కాసేపు నిలబడాలి. చర్చిలో కానుకల చిట్టా గట్టిగా చదివి వినిపించే అలవాటున్న మనం కూడా.

ఆ రోజే దేవాలయంలో సుమెయోను, అన్న ఎదురవుతారు. బొమ్మల్లో సుమెయోనుకు ఎప్పుడూ తెల్లగడ్డం వేస్తారు గానీ లూకా అతని వయసు చెప్పలేదు. బాగా వయసు మళ్లిందని చెప్పింది అన్న గురించే. ఏడేళ్లు కాపురం చేసి భర్తను పోగొట్టుకుని, దేవాలయాన్నే ఇల్లు చేసుకున్న మనిషి. సుమెయోను నలభై రోజుల బిడ్డను చేతుల్లోకి తీసుకుని, ఇక తనకు సెలవిమ్మని దేవుణ్ని అడుగుతాడు. అప్పటికి ఆ బిడ్డ ఒక్క అద్భుతమూ చేయలేదు, ఒక్క మాటా మాట్లాడలేదు. ఫలితం చూడకుండానే తృప్తిపడటం ఎంత గట్టి నమ్మకమైతే సాధ్యం! అతని మాటలు లూకా రాసిపెట్టాడు. మరియ గుండెను ఖడ్గం చీలుస్తుందన్న కఠినమైన మాట కూడా వాటిలో ఉంది. అన్న మాటలు మాత్రం ఒక్కటీ రాయలేదు. విడుదల కోసం కనిపెట్టుకుని ఉన్నవాళ్లందరికీ ఆమె ఆ బిడ్డ గురించి చెబుతూ ఉండేదని మాత్రం రాశాడు. ఇది చదివినప్పుడల్లా మన మిషన్లలో పనిచేసిన బైబిలు స్త్రీలు గుర్తొస్తారు. చేతిలో పుస్తకంతో గడప గడపకూ నడిచి, బయటికి రాలేని ఆడవాళ్లకు అక్షరమూ వాక్యమూ నేర్పినవాళ్లు. వాళ్లు ఏం చెప్పారో అచ్చులో దొరకడం అరుదు. వాళ్ల పని మాత్రం ఈ డెల్టాలో సంఘాల రూపంలో నిలబడి ఉంది. కడియం, ధవళేశ్వరం, రాజమండ్రి సంఘాల చరిత్ర రాసేవాళ్లెవరైనా ఉంటే ముందుగా వాళ్ల పేర్లు వెతకమని నా మనవి.

లూకా ఈ బాల్యకథను యేసు పన్నెండో ఏట ముగిస్తాడు. పండక్కి వెళ్లి తిరిగి వస్తుంటే పిల్లవాడు తప్పిపోయాడు, మూడు రోజులకు దేవాలయంలో దొరికాడు. కంగారుపడ్డ తల్లి అడిగిన ప్రశ్నకు అతను చెప్పిన జవాబు తల్లిదండ్రులకు అర్థం కాలేదని లూకా దాచకుండా రాశాడు. దూత మాట విన్న తల్లికే అర్థం కాలేదు. అయినా ఆమె అన్నీ మనసులో భద్రం చేసుకుంది. ఈ సంగతి లూకా రెండుసార్లు చెప్పాడు, కాపరులు వెళ్లాక ఒకసారి, ఇక్కడ ఒకసారి. అన్నీ అర్థమయ్యాకే నమ్ముతానంటే మరియకు కూడా సాధ్యమయ్యేది కాదు. అర్థం కానిదాన్ని పారేయకుండా దాచుకోవడం ఆమె మనకు నేర్పింది. నా అభిప్రాయం అడిగితే, రెండు సువార్తల్లోనూ విశ్వాసానికి ఇంతకంటే నిజాయితీ అయిన చిత్రం లేదు.

ఈ క్రిస్మస్‌కి ఒక పని చేయండి. పాక వేయడం, స్టారు కట్టడం అయ్యాక, ఇంట్లో అందరూ కూర్చుని మత్తయి, లూకా సువార్తల మొదటి రెండేసి అధ్యాయాలూ పైకి చదవండి. మత్తయి ఒక రోజు, లూకా ఒక రోజు, రెండూ కలపకుండా. మత్తయిలో 48 వచనాలు, లూకాలో 132, మొత్తం 180. మత్తయి చదివే రోజు మాత్రం పద్దెనిమిదో వచనం నుంచి మొదలుపెట్టకండి. తామారు, రాహాబు, రూతు, ఊరియా భార్య పేర్లను ఇంట్లో చిన్నపిల్లల చేత చదివించండి, వాళ్లు ఎవరని అడిగితే నిజం చెప్పండి.